అప్‌డేట్: చార్ల్‌స్టన్‌లో ఏ టైల్స్ వదలాలి?

అమెరికన్ మాజాంగ్‌లో ఆటకు ముందు కుడికి, ఎదుటివారికి, ఎడమకు మూడేసి టైల్స్ ఇచ్చిపుచ్చుకోవడమే చార్ల్‌స్టన్. అందులో ఏవి వదలాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. అప్పటి నా చేయి ఇది (బ్యామ్, క్రాక్, డాట్ అంటే మూడు రకాల అంకెల టైల్స్): రెండు 2 బ్యామ్‌లు, 4 బ్యామ్, 6 బ్యామ్, 6 క్రాక్, 8 క్రాక్, 9 క్రాక్, 3 డాట్, 9 డాట్, నార్త్, రెడ్ డ్రాగన్, ఒక ఫ్లవర్, ఒక జోకర్. సరిసంఖ్యలతో చేయి కట్టాలా, 369తో (3, 6, 9 అంకెలతో) కట్టాలా అన్నదే నా టెన్షన్. జవాబిచ్చినవాళ్లలో ఎక్కువ మంది సరిసంఖ్యలే అన్నారు, కారణం 2 బ్యామ్ జత. జతలో జోకర్ చెల్లదు కాబట్టి, సహజంగా వచ్చిన జతను వదలకూడదు. ఈ ఒక్క మాటతో నాకు చాలా స్పష్టత వచ్చింది.

ఇక్కడ న్యూజెర్సీలో మా టేబుల్ మీద అదే చేయి పేర్చి ఆడాం. కుడికి నార్త్, రెడ్ డ్రాగన్, 9 డాట్ ఇచ్చాను. రెండు 9లూ ఒకరికే వెళ్లకూడదని 9 క్రాక్ ఆపాను. వచ్చినవి 4 బ్యామ్, వెస్ట్, 1 డాట్. ఎదుటివారికి 9 క్రాక్, 3 డాట్, వెస్ట్ ఇస్తే ఇంకో ఫ్లవర్, 8 బ్యామ్, 5 క్రాక్ వచ్చాయి!

ఎడమకు ఇవ్వడానికి పనికిరానివి రెండే ఉన్నాయి, 1 డాట్, 5 క్రాక్. 6, 8 క్రాక్‌లు విడగొట్టాలనిపించలేదు. అందుకే నాకొచ్చే మూడింటిలో ఒకటి చూడకుండానే తీసి వాటితో కలిపి పంపాను. ఇలా చూడకుండా పంపడమే బ్లైండ్ పాస్. మొదటి చార్ల్‌స్టన్ చివరి పాస్‌లో అది కుదురుతుంది, మధ్యలో కుదరదు. కొత్తవాళ్లు ఇది తప్పక గుర్తుంచుకోండి.

రెండో చార్ల్‌స్టన్ వద్దని మా పక్కింటావిడ ఆపేశారు, ఎవరైనా ఆపొచ్చు. ఆ 6, 8 క్రాక్‌లు ఇంకా నా దగ్గరే ఉన్నాయి. కర్టెసీ పాస్‌లో (చివర్లో ఎదుటివారితో ఇష్టమైతే చేసుకునే మార్పిడిలో) వాటిని వదిలేస్తారా, మీరైతే?