"పట్టణం" అంటే ఏ పట్టణం?

ప్రశ్న: ఒక నివేదికను తెలుగు చేస్తున్నాను. ఒకే ఊరిని ఒకచోట "పట్టణం" అన్నారు, నాలుగు పేజీల తర్వాత ఆ ఊరి సర్పంచి ప్రస్తావన ఉంది. పట్టణానికి సర్పంచి ఏమిటండీ?

జవాబు: నివేదిక సరిగానే ఉంది. జనాభా లెక్కల్లో పట్టణాలు రెండు రకాలు. మునిసిపాలిటీ, కార్పొరేషన్, కంటోన్మెంటు లాంటివి చట్టబద్ధ పట్టణాలు. ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి పట్టణాలు, జనం ఎంతమంది అన్నది తర్వాతి మాట. రెండోది జనగణన పట్టణం. ఇక్కడ పాలన గ్రామ పంచాయతీదే, ఉపాధి హామీ పనులూ నడుస్తాయి. జనాభా 5,000కు తగ్గకూడదు, చదరపు కిలోమీటరుకు 400 మందైనా ఉండాలి, మగ పనివారిలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. మూడూ కుదరాలి. 2001లో ఇలాంటివి 1,362 ఉంటే 2011కి 3,894 అయ్యాయి. అప్పటికి దేశంలో మొత్తం పట్టణాలే 7,935.

మరొకరు: లెక్క వేసేటప్పుడు జాగ్రత్త. ఊరి విస్తీర్ణం హెక్టార్లలో ఇస్తారు, దాన్ని వందతో భాగించాలి. 6,200 జనాభా, 1,900 హెక్టార్లు అనుకోండి: 19 చదరపు కిలోమీటర్లు, సాంద్రత 326. 400కు తక్కువ, కాబట్టి ఊరు జాబితాకు అందదు. ఇళ్లు ఇరుగ్గా ఉన్నా సరే, చెరువూ అడవీ ఊరి హద్దులో ఉంటే అవీ లెక్కలోకి వస్తాయి. పనివారి దగ్గర ఇంకా ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ఏడాదిలో ఆరు నెలలకు తగ్గకుండా పని ఉన్న మగవాళ్లనే తీసుకోవాలి. అందులోంచి సాగుదార్లనూ వ్యవసాయ కూలీలనూ తీసేస్తే మిగిలేది వ్యవసాయేతరం. ఇంటి పరిశ్రమ చేసేవాళ్లు ఇటువైపే. ఆడవాళ్లను కలిపితే శాతం సాధారణంగా పడిపోతుంది, మన కూలిపనుల్లో వాళ్లే ఎక్కువ కదా.

ప్రశ్న: నా జాబితాలో 2011 జనగణన పట్టణం ఒకటి 5,000 లోపే ఉంది మరి?

జవాబు: ఉంటుంది. ఆ జాబితాను 2011 లెక్కలకు ముందే, 2001 అంకెలతో ఖాయం చేశారు. అప్పట్లో 4,000 దాటిన ఊరు పదేళ్లలో 5,000 అవుతుందన్న అంచనాతో ఎంచారు. అంచనా తప్పిన ఊళ్లూ జాబితాలో ఉండిపోయాయి.

మరొకరు: చట్టబద్ధ పట్టణాలకూ జనగణన పట్టణాలకూ తేడా రాయకపోతే ఏమవుతుందో కేరళను చూడండి. అక్కడ పట్టణ జనాభా 2001లో 26 శాతం, 2011లో 47.7. జనం పల్లెలు ఖాళీ చేసి వెళ్లిపోయారని దీన్ని చదివితే అంతా తలకిందులే. జనగణన పట్టణాలు 99 నుంచి 461 అయ్యాయి. చాలామంది ఉన్నచోటే ఉన్నారు, ఊరి వర్గం మారింది. పత్రికల్లో దీన్ని "పట్టణాలకు వలస" అని రాసేవాళ్లు కనీసం ఆ జాబితా తిరగేయాలి.

మరొకరు: "నగరం" మాటేమిటి? లక్ష దాటితే నగరమేనా?

జవాబు: జనాభా లెక్కల్లో లక్ష, ఆపైన ఉన్నది మొదటి తరగతి పట్టణం, నగరం అనేది దాన్నే. రాజ్యాంగం 243పి ప్రకారం మహానగర ప్రాంతానికి 10 లక్షలు కావాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఇంటి అద్దె భత్యానికి ఇంకో నిచ్చెన: 50 లక్షలు దాటితే ఎక్స్ తరగతి. హైదరాబాద్ ఎక్స్; విశాఖ, విజయవాడ దాని కింది మెట్టు వై. ఈ మూడు కొలతలనూ కలిపి "పెద్ద నగరాలు" అనేస్తే పాఠకుడికి ఏమీ అందదు.

మరొకరు: "బస్తీ" జోలికి మాత్రం పోకండి మాస్టారూ. కోస్తా పెద్దవాళ్లకు బస్తీ అంటే టౌను, హైదరాబాద్‌లో పేదల వాడ.

జవాబు: మీ నివేదికకైతే మొదటిసారి వచ్చినచోట "జనగణన పట్టణం, పాలన గ్రామ పంచాయతీది" అని పూర్తిగా రాయండి. తర్వాత కూడా ఒట్టి "పట్టణం" అని కుదించకండి. పట్టికలో "పట్టణ జనాభా" వస్తే చట్టబద్ధ పట్టణాలదెంత, జనగణన పట్టణాలదెంత అని రెండు వరుసలు పెట్టండి. పట్టణానికి ఆనుకుని పెరిగి, దాని లెక్కలో కలిసిపోయిన శివారు ప్రాంతాలుంటే వాటికి మూడో వరుస.