ఐపీ లిస్టులో స్టార్ పెడితే రాకూడనివి కూడా వస్తున్నాయి, అర్జెంట్

నైట్‌షిఫ్ట్: పొద్దున్నుంచి దీంతోనే కుస్తీ. అనుమతించే అడ్రసుల లిస్టులో ఒక రేంజిని స్టార్‌తో (*, అంటే అక్కడ ఏదున్నా సరే అని) రాశాను. రావాల్సినవి వస్తున్నాయి, రాకూడనివీ వస్తున్నాయి. కోడ్ అంతా కరెక్టే. రేపు డెమో, ఒకటే టెన్షన్. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ముక్కుసూటి: ఏ లాంగ్వేజి? ఏం రాశారు?

రూటర్‌బాబాయ్: అసలు స్టార్ ఎందుకు తమ్ముడూ? 1993లో సైడర్ (అడ్రసుల గుంపుని స్లాష్‌తో రాసే పద్ధతి) వచ్చాక అడ్రసుల్ని ఏ, బీ, సీ క్లాసులుగా విడగొట్టే పాత పద్ధతికే కాలం చెల్లింది. అయినా ఇంటర్వ్యూకొచ్చే పిల్లలు ఇప్పటికీ అవే అప్పజెబుతారు. స్లాష్‌తో రాయడం నేర్చుకో. /24 అంటే అడ్రసులోని 32 బిట్లలో మొదటి 24 కదలవు, మిగిలిన 8 బిట్లకి 256 అడ్రసులు.

నైట్‌షిఫ్ట్: పైథాన్ అండీ, అందులో స్టార్ ఉన్న పేర్లని పోల్చే ఎఫ్ఎన్‌మ్యాచ్. 10.4.1* అని పెట్టా. 10.4.12.7 కూడా దూరిపోతోంది.

ముక్కుసూటి: 1 తర్వాత చుక్క ఏది? ఎఫ్ఎన్‌మ్యాచ్‌కి అది ఐపీ అని తెలీదు, ఫైలు పేరు అనుకుంటుంది. 12, 19, 100 అన్నీ 1తోనే మొదలవుతాయి. పైథాన్‌లో ఐపీల కోసమే ఉన్న ఐపీఅడ్రస్ మాడ్యూల్ వాడండి.

నైట్‌షిఫ్ట్: వాడా. 10.4.1.25/24 ఇస్తే వాల్యూ ఎర్రర్.

ముక్కుసూటి: 10.4.1.0/24 ఇవ్వండి. హోస్ట్ బిట్లు, అంటే చివరి 8 బిట్లు, సున్నా ఉండాలి.

నైట్‌షిఫ్ట్: అన్నట్టు లిస్టులో 10.4.*.25 కూడా ఉంది. ప్రతి ఫ్లోర్‌లో ప్రింటర్‌కి అదే నంబరు.

రూటర్‌బాబాయ్: ఇది ముందే చెప్పాలి కదయ్యా! మధ్యలో స్టార్ వస్తే స్లాష్‌తో ఒక్క లైనులో కుదరదు. సిస్కో రూటర్లలో అయితే 10.4.0.25, వైల్డ్‌కార్డ్ 0.0.255.0. సున్నా బిట్టు ఉన్నచోట కలవాలి, ఒకటి ఉన్నచోట ఏదైనా పర్లేదు. వైల్డ్‌కార్డ్ అంటే అదీ.

గోదారిగట్టు: అది వైల్డ్‌కార్డ్ మాస్క్ సార్. ఆయన అడిగింది స్టార్ గురించి.

రూటర్‌బాబాయ్: పని ఒకటే.

గోదారిగట్టు: ఎలా ఒకటే? 10.4.1.0కి 0.0.0.254 మాస్క్ పెడితే, 254లో చివరి బిట్టొక్కటే సున్నా కాబట్టి, చివర సరిసంఖ్య ఉన్నవే వస్తాయి. అది స్టార్‌తో రాయండి చూద్దాం.

ముక్కుసూటి: మీరు మీరు తర్వాత తేల్చుకోండి. నైట్‌షిఫ్ట్ గారూ, వచ్చిన అడ్రసు సరైనదేనా అని ముందు ఐపీఅడ్రస్‌తో చూసుకోండి. తర్వాత చుక్కల దగ్గర విడగొట్టి నాలుగు ముక్కలూ విడివిడిగా పోల్చండి, స్టార్ ఉన్న ముక్కని వదిలేయండి. నాలుగైదు లైన్ల పని.

రూటర్‌బాబాయ్: చుక్కల బదులు కోలన్లతో రాసే ఐపీవీ6 అడ్రసులు వచ్చిననాడు ఈ చుక్కలు ఎక్కడ వెతుకుతారో.

నైట్‌షిఫ్ట్: పనైంది, థాంక్స్.

కొత్తసభ్యుడు: నాదీ ఇదే సమస్య, కాకపోతే 10.4.1.10 నుంచి 10.4.1.40 వరకే కావాలి. ఎలా?