సిన్స్, ఫర్ తేడాను తెలుగు వాక్యం ద్వారానే చెప్పవచ్చా?

ప్రశ్న:

నేను ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు బోధిస్తున్నాను. కాలబిందువుకు సిన్స్, కాలవ్యవధికి ఫర్ అన్న సూత్రం మా పిల్లలందరికీ కంఠతా వచ్చు. ఖాళీలు పూరించమంటే తప్పు పోరు. సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం ‘ఐ యామ్ లివింగ్ ఇన్ దిస్ విలేజ్ సిన్స్ టెన్ ఇయర్స్’ అనే రాస్తారు. సూత్రం తెలిసీ వాక్యంలోకి రాకపోవడానికి కారణం మన తెలుగులోనే ఉందని నా అనుమానం. తెలుగు ద్వారానే ఈ తేడాను పట్టించే మార్గం ఉంటే దయచేసి చెప్పండి. బై, అంటిల్ గురించి కూడా ఎవరైనా రాస్తే మేలు చేసినవారవుతారు.

మొదటి జవాబు:

మీ అనుమానం సరైనదేనండి. ‘2015 నుంచి ఈ ఊళ్ళో ఉంటున్నాం’ అన్నా, ‘పదేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉంటున్నాం’ అన్నా మనకు ‘నుంచి’ ఒక్కటే. హిందీలో ‘సే’ కూడా ఇలాగే రెండు పనులూ చేస్తుంది కనుక ఈ ‘సిన్స్ టెన్ ఇయర్స్’ తెలుగువాళ్ళ నోటనే కాక ఉత్తరాది వాళ్ళ నోటా వినబడుతుంది. అయితే వ్యవధిని చెప్పడానికి తెలుగులో ‘గా’ అనే రెండో దారి ఉంది. ‘పదేళ్ళుగా ఉంటున్నాం’, ‘మూడు రోజులుగా జ్వరం’, ‘గంటగా ఎదురుచూస్తున్నాను’ అంటాం గానీ, ‘2015గా’, ‘నిన్నగా’, ‘సోమవారంగా’ అని ఎవరూ అనరు. కాబట్టి పిల్లలను ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడమనండి. వాక్యం చెవికి ఇంపుగా ఉంటే ఫర్, ఎబ్బెట్టుగా ఉంటే సిన్స్. సూత్రం కన్నా చెవి త్వరగా పట్టుకుంటుంది.

‘గత’ అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. ‘గత ఏడాది నుంచి’ అంటే పోయిన సంవత్సరం మొదలుకొని అనీ, పన్నెండు నెలలుగా అనీ రెండు అర్థాలు వస్తాయి. మొదటిది ‘సిన్స్ లాస్ట్ ఇయర్’, రెండోది ‘ఫర్ ద పాస్ట్ ఇయర్’. చెప్పేవారి ఉద్దేశమేమిటో తేల్చుకున్నాకే ఇంగ్లీషులో రాయాలి.

రెండో జవాబు:

పై పద్ధతి చాలా బాగుంది, కానీ దానితో సగం పనే అవుతుంది. సిన్స్ తీసి ఫర్ పెట్టినా ‘ఐ యామ్ లివింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ తప్పుగానే మిగులుతుంది. ‘ఉంటున్నాను’ అన్న మన వర్తమానం అప్పుడు మొదలై ఇప్పటికీ సాగుతున్న పనిని ఇబ్బంది లేకుండా మోస్తుంది. ఇంగ్లీషులో ఆ భావానికి ‘హావ్ బీన్ లివింగ్’ కావాలి. అందువల్ల ఈ రెండు పదాలను క్రియతో కలిపే నేర్పాలని గట్టిగా నమ్ముతాను.

‘ఆయన పోయి పదేళ్ళయింది’ అన్న వాక్యాన్ని తరగతిలో తప్పక చర్చించండి. ‘ఇట్ ఈజ్ టెన్ ఇయర్స్ సిన్స్ హీ డైడ్’ అన్నప్పుడు పక్కనే పదేళ్ళు కనబడుతుంటే సిన్స్ ఎందుకొచ్చిందని తెలివైన పిల్లలు అడుగుతారు. అక్కడ సిన్స్ పట్టుకున్నది పదేళ్ళను కాదు, దాని తరవాత ఉన్న ‘హీ డైడ్’ను, మరణం జరిగిన క్షణం కాలబిందువే కదా.

మన ‘నుంచి’ ఫ్రమ్ పని కూడా చేస్తుంది. ఆంధ్రప్రదేశ్ 1956 నుంచి 2014 దాకా ఉమ్మడి రాష్ట్రం. ఆ కాలం ముగిసిపోయింది కనుక ‘ఫ్రమ్ 1956 టు 2014’. తెలంగాణ 2014 నుంచి రాష్ట్రంగా ఉంది; అది నేటికీ సాగుతోంది కనుక ‘సిన్స్ 2014’. ఇక ‘సోమవారం నుంచి సెలవులు’ అని రాబోయే రోజును చెప్పేటప్పుడు సిన్స్ అసలే పనికిరాదు.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ‘గా’ పరీక్షను రేపే తరగతిలో ప్రయత్నిస్తాను. బై, అంటిల్ సంగతి మిగిలిపోయింది.

మూడో జవాబు:

అక్కడ తెలుగు మనకు అండగానే ఉందండి. పని ఆ గడువు దాటకుండా ఏదో ఒక సమయంలో పూర్తికావాలంటే ‘లోపు’ లేదా ‘కల్లా’ అంటాం, అది బై. పని ఆ గడువు వరకూ సాగితే ‘దాకా’ అంటాం, అది అంటిల్. దరఖాస్తు శుక్రవారం లోపు ఇవ్వాలి. ప్రదర్శన శుక్రవారం దాకా ఉంటుంది. ‘ఆయన శుక్రవారం దాకా రారు’ అన్న వ్యతిరేక వాక్యంలోనూ అంటిలే వస్తుంది.

ఒక్క చోట మాత్రం ఆగాలి. ‘బై ఫ్రైడే’లో శుక్రవారం కూడా కలుస్తుంది, ‘బిఫోర్ ఫ్రైడే’ అంటే గురువారంతోనే గడువు తీరిపోతుంది. మన ‘శుక్రవారం లోపు’ను కొందరు మొదటి అర్థంలోనూ, కొందరు రెండో అర్థంలోనూ తీసుకుంటారు కనుక, అనువాదానికి ఇచ్చే వాక్యంలో ‘శుక్రవారం సాయంత్రం లోపు’ అనో, ‘గురువారం సాయంత్రం లోపు’ అనో స్పష్టంగా ఇవ్వండి.