హామీలు ఇచ్చేది ప్రభుత్వం. లెక్క అడగాల్సింది కమిషన్లా, హక్కుల సంఘాలా?

ఎదురుప్రశ్న:
నా వాదన సూటిగా చెప్పేస్తాను. మానవ హక్కుల ఒప్పందాల మీద సంతకం పెట్టేది ప్రభుత్వం. అమలు ఎలా ఉందో చూడడానికి చాలా దేశాల్లో చట్టప్రకారం ఏర్పడ్డ జాతీయ మానవ హక్కుల కమిషన్లు ఉన్నాయి. అవి ఎలా ఉండాలో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1993లో ఆమోదించిన పారిస్ సూత్రాలు చెబుతున్నాయి. విచారణ జరిపే అధికారం, అధికారుల నుంచి సమాచారం తెప్పించుకునే అధికారం వాటికి ఉంటాయి. మరి మధ్యలో స్వచ్ఛంద సంస్థలు ఎందుకు? వాళ్లను ఎవరూ ఎన్నుకోలేదు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలీదు. ఓ నలుగురు కలిసి సంఘం పెట్టుకుని, "పౌర సమాజం ఇలా అంటోంది" అని జెనీవాలోని ఐరాస మానవ హక్కుల సంస్థలకు నివేదిక పంపితే దాన్ని జనం మాటగా ఎందుకు తీసుకోవాలి?

సంఘాలే ఉండకూడదని అనట్లేదు. ఫిర్యాదులుంటే కమిషన్‌కి ఇవ్వమనండి. పర్యవేక్షకులు అన్న హోదా మాత్రం వద్దంటున్నాను. కాదనేవాళ్లు కారణం చెప్పండి. తిట్లు వద్దు.

నత్తనడక:
మధ్యలో ఎందుకంటే, ఒప్పందాల్లోనే అలా రాసి ఉంది కాబట్టి. 2006 నాటి వికలాంగుల హక్కుల ఒప్పందం 33వ అధికరణ మూడో భాగం చూడండి. పౌర సమాజానికి, ముఖ్యంగా వికలాంగులకు, వాళ్ల సంఘాలకు పర్యవేక్షణలో పూర్తి భాగం ఉండాలని అందులో ఉంది. బాలల హక్కుల ఒప్పందం 45వ అధికరణ కూడా యూనిసెఫ్‌తో పాటు "ఇతర సమర్థ సంస్థల" సలహా అడగవచ్చని ఆ ఒప్పందం అమలును చూసే ఐరాస కమిటీకి చెబుతోంది. సంతకం పెట్టిన ప్రభుత్వం ఈ వాక్యాల కింద కూడా పెట్టినట్టే కదండీ.

ఇక "జనం మాట" సంగతి. సంఘం నివేదికను ఐరాస కమిటీలు తీర్పుగా తీసుకోవు. సాక్ష్యంలా చూస్తాయి. అందులోంచి ప్రశ్నలు తీసి ప్రభుత్వ ప్రతినిధుల ముందు పెడతాయి, జవాబు చెప్పే అవకాశం ప్రభుత్వానికి ఉంటుంది. సాక్షిని ఎవరు ఎన్నుకున్నారని అడగం. చెప్పింది నిజమా కాదా అని చూస్తాం.

అడ్డగీత:
కమిషన్‌కి ఇవ్వమంటున్నారు సరే, ఆ కమిషనర్లను నియమించేది ఎవరండీ?

శ్రీలంకలో రాజ్యాంగ మండలి సిఫార్సు లేకుండా అధ్యక్షుడే నేరుగా కమిషనర్లను నియమించారు. దాంతో 2007లో ఆ కమిషన్‌ని పారిస్ సూత్రాల ప్రకారం ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపులో 'ఏ' స్థాయి నుంచి 'బీ'కి దించారు. చట్టం, కార్యాలయం, బోర్డు అన్నీ ఉన్నాయి. లేనిది స్వతంత్రత ఒక్కటే.

ఎదురుప్రశ్న:
మంచి ఉదాహరణే, కానీ సగమే చెప్పారు. అదే శ్రీలంక కమిషన్ 2018లో మళ్లీ 'ఏ' స్థాయికి వచ్చింది. లోపం ఉన్నప్పుడు దించడానికి, సరిచేసుకున్నాక ఎత్తడానికి ఏర్పాటు ఉందన్నమాట. మరి సంఘాలకు అలాంటి గ్రేడింగ్ ఎక్కడుంది?

నత్తనడక గారూ, సాక్షి అన్నారు కాబట్టి అడుగుతున్నా. కోర్టులో సాక్షిని ఎదుటి లాయరు ప్రశ్నిస్తాడు. జెనీవాకు నివేదిక పంపిన సంఘాన్ని అలా నిలదీసేవాళ్లు ఎవరున్నారు?

అడ్డగీత:
ఆ గ్రేడింగ్ జరిగేటప్పుడు కమిషన్ గురించి బయటి సమాచారం ఎవరు ఇస్తారనుకుంటున్నారు? సంఘాలే. 2022లో బ్రిటన్‌లోని సమానత్వ, మానవ హక్కుల కమిషన్ మీద అక్కడి సంఘాలు అభ్యంతరాలు పంపాయి. ప్రత్యేక సమీక్ష జరిగింది. చివరికి ఆ కమిషన్ 'ఏ' స్థాయి నిలబెట్టుకుంది. అడిగింది సంఘాలు, తేల్చింది వేరేవాళ్లు. మీరు భయపడుతున్న పెత్తనం ఇందులో ఎక్కడుందండీ?

మూడో బెంచీ:
ఓ హక్కుల సంఘంలో కొన్నాళ్లు డాక్యుమెంటేషన్ పని చేశాను. ఎదురుప్రశ్న గారు అనుకుంటున్నంత సీన్ అక్కడ లేదు. ఎలా జరుగుతుందో చెబుతాను.

ఒక్కో దేశంలో హక్కుల పరిస్థితిని ఐరాసలో మిగతా దేశాలు సమీక్షించే, 2008 నుంచి నడుస్తున్న సార్వత్రిక ఆవర్తన సమీక్ష ఉంది కదా, యూపీఆర్ అంటారు. దాదాపు నాలుగున్నరేళ్లకోసారి ప్రతి దేశం వంతు వస్తుంది. మూడు పత్రాలు ముందు పెట్టుకుంటారు. ఒకటి ప్రభుత్వ నివేదిక, రెండోది ఐరాస సంస్థల దగ్గరున్న సమాచారం, మూడోది సంఘాలూ కమిషన్లూ పంపినవాటి సారాంశం. ఆ మూడోది పది పేజీలకు మించదు. ఒక్కో సంఘం 2,815 పదాల్లో ముగించాలి, కొన్ని కలిసి పంపితే 5,630. మీరు ఏడాదంతా తిరిగి సేకరించింది అందులో ఒక్క వాక్యంగా వస్తే సంతోషించాలి. మూడున్నర గంటల సమీక్షలో ప్రశ్నలడిగేది దేశాలే, సంఘాలకు మైకు ఇవ్వరు. తర్వాత ఐరాస మానవ హక్కుల మండలిలో ఫలితాన్ని ఆమోదించేటప్పుడు సంఘాలకూ కమిషన్లకూ కలిపి 20 నిమిషాలు ఉంటాయి, సంఘానికి రెండేసి నిమిషాలు.

కాబట్టి అసలు పని జెనీవాలో జరగదు. సమీక్షకు కొన్ని నెలల ముందు రాయబార కార్యాలయాల చుట్టూ తిరిగి, "ఈ ప్రశ్న మీరు అడగండి" అని ఒప్పించడమే పని. అడిగే తీరులో కూడా తేడా ఉంటుంది. "కృషిని కొనసాగించాలి" అన్న సిఫార్సును ఏ ప్రభుత్వమైనా నవ్వుతూ ఒప్పుకుంటుంది. నాలుగేళ్ల తర్వాత దాన్ని కొలవడానికి ఏమీ ఉండదు. "ఫలానా సెక్షన్ రద్దు చేయాలి" అంటే మాత్రం "నోట్ చేసుకున్నాం" అంటారు. యూపీఆర్ భాషలో ఆ మాటకు అర్థం తిరస్కరించామనే.

మా వైపు తప్పులు కూడా చెప్పాలి. నివేదికలు రాసేది ఎక్కువగా రాజధానుల్లో కూర్చున్న, ఇంగ్లిషు బాగా వచ్చిన సంస్థలే. పేపర్ కటింగుల్ని ఫీల్డ్ సమాచారంలా పెట్టేవాళ్లను చూశాను. ఇరవై సంఘాలు కలిసి రాస్తే ఎవరూ నొచ్చుకోని వాక్యాలే మిగులుతాయి. అన్నిటికంటే పెద్ద లోపం, సమీక్ష అయిపోగానే అందరూ వెళ్లిపోవడం. ప్రభుత్వం ఒప్పుకున్న సిఫార్సుల జాబితా పట్టుకుని ఆ నాలుగేళ్లూ శాఖల చుట్టూ తిరిగేవాళ్లు ఎక్కడో గాని కనబడరు. దాతలు డబ్బిచ్చేది నివేదికకు. తిరగడానికి ఎవరూ ఇవ్వరు.

నిలదీసేవాళ్లు ఎవరని అడిగారు. ప్రభుత్వమే! మా నివేదికలో ఒక జిల్లా పేరు తప్పు పడినా ఆ ఒక్క తప్పు చూపించి మిగతా ముప్పై కేసులూ కొట్టిపారేయవచ్చని మాకు తెలుసు. అందుకే ప్రతి కేసుకూ కాగితం ఉండాలని పట్టుబట్టేవాళ్లం.

తెల్లకాగితం:
డబ్బు విషయం ఎవరూ ముట్టుకోలేదు, నేను ముట్టుకుంటా.

ఇథియోపియాలో 2009 చట్టం ప్రకారం, ఆదాయంలో పది శాతం మించి విదేశీ నిధులున్న సంస్థ మానవ హక్కుల పని చేయకూడదు. చాలా సంస్థలు పని మార్చుకున్నాయి, లేదా మూతబడ్డాయి. 2019లో ఆ చట్టం తీసేసి కొత్తది తెచ్చారు. ఆ పదేళ్లలో అక్కడ హక్కులు మెరుగయ్యాయని ఎవరైనా అంటారా?

రష్యాలో ఏడీసీ మెమోరియల్ అనే సంస్థ 2012లో ఐరాస చిత్రహింసల వ్యతిరేక కమిటీకి ఓ నివేదిక ఇచ్చింది. రోమా అనే మైనారిటీ ప్రజల మీద, వలస కూలీల మీద పోలీసుల దౌర్జన్యాల గురించి. ఆ నివేదిక ఇవ్వడమే "రాజకీయ కార్యకలాపం" అంటూ, విదేశీ నిధుల మీద తెచ్చిన చట్టం కింద సంస్థను విదేశీ ఏజెంటుగా ముద్ర వేసే కేసు నడిపారు. 2014లో వాళ్లు రష్యాలో సంస్థనే మూసేసుకున్నారు. డబ్బు గురించి మొదలైన చట్టం వెళ్లి వెళ్లి నివేదిక మీద పడింది.

ఎదురుప్రశ్న:
ఇవి దుర్మార్గపు చట్టాలు, సమర్థించను. కానీ ప్రభుత్వాన్ని పారదర్శకంగా ఉండమనే సంస్థ తన దాతల పేర్లు చెప్పకపోవడం ఏం న్యాయం?

తెల్లకాగితం:
చెప్పాల్సిందే. లెక్కలు చూపించు అనడం వేరు, విదేశీ డబ్బు తీసుకున్నావు కాబట్టి నీ పత్రాలన్నిటి మీదా ఆ ముద్ర వేసుకుని తిరుగు అనడం వేరు. విదేశీ నిధులు తీసుకునే సంఘాల మీద హంగరీ 2017లో తెచ్చిన చట్టం విషయంలో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2020లో అదే తేల్చింది. పారదర్శకత కోరడం తప్పు కాదని, అయితే ఆ చట్టం వివక్షతో, అవసరానికి మించిన ఆంక్షలతో ఉందని చెప్పింది. మరుసటి ఏడాది ఆ చట్టాన్ని రద్దు చేశారు.

ఎదురుప్రశ్న:
ఒప్పుకుంటా. అయితే నా అసలు భయం వేరే ఉంది, దానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. పౌర సమాజానికి పర్యవేక్షక హోదా ఇచ్చారనుకోండి. ప్రభుత్వాలు ఊరుకుంటాయా? తామే పది సంఘాలు పెట్టించి "అంతా బాగుంది" అని రాయిస్తాయి. పది పేజీల సారాంశంలో సగం ఆ పొగడ్తలే నిండుతాయి. అప్పుడు ఏది అసలు, ఏది నకిలీ అని తేల్చేది ఎవరు? తేల్చే అధికారం ఎవరికి ఇచ్చినా మళ్లీ మొదటికే వస్తాం.

నత్తనడక:
ఈ భయం నిజమైనదే. ఇప్పటికే జరుగుతోంది కూడా. కానీ మీరు చెప్పే పరిష్కారంతో అది తీరదు. హోదా అనేది ఉన్నచోట దాని తాళం చెవి ఎవరి దగ్గరుందో చూడండి. ఐరాసలో సంప్రదింపుల హోదా సిఫార్సు చేసే కమిటీలో ఉండేది 19 ప్రభుత్వాలు. యూపీఆర్‌కు నివేదిక పంపడానికి ఆ హోదా అక్కర్లేదు, మండలిలో నోరు విప్పాలంటే కావాలి. ఇంటర్నేషనల్ దళిత్ సాలిడారిటీ నెట్‌వర్క్ దరఖాస్తును దాదాపు 15 ఏళ్లు ప్రశ్నల మీద ప్రశ్నలు వేసి ఆపారు. 2022 డిసెంబర్‌లో గాని హోదా రాలేదు. నకిలీలను ఆపడానికి గేటు పెడితే మొదట బయట నిలబడేది అసలువాళ్లే. గేటు తీసేసి, వచ్చిన ప్రతి కాగితానికీ ఆధారాలు అడగడమే నయం.

అడ్డగీత:
హోదా, హోదా అంటున్నారు. ఆ హోదా ఏపాటిదో కూడా చెప్పుకుందాం. త్సావో షున్లీ అనే చైనా కార్యకర్త, తమ దేశ నివేదిక తయారీలో జనానికి భాగం ఉండాలని అడిగినావిడ, 2013 సెప్టెంబర్‌లో జెనీవాకు బయల్దేరితే బీజింగ్ విమానాశ్రయంలోనే పట్టుకుపోయారు. 2014 మార్చిలో నిర్బంధంలో ఆరోగ్యం చెడి ఆస్పత్రిలో చనిపోయారు. ఆ నెలలోనే మండలిలో ఆమె కోసం ఓ నిమిషం మౌనం పాటిద్దామని సంఘాలు అడిగితే చైనా ప్రతినిధులు అడ్డుపడ్డారు.

తెల్లకాగితం:
ఇంకో కోణం. జెనీవా లేకుండా కూడా పర్యవేక్షణ జరుగుతుంది. మహిళలపై వివక్ష నిర్మూలన ఒప్పందాన్ని భారత్ 1993లో ధ్రువీకరించింది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద ప్రత్యేక చట్టమేమీ అప్పటికి లేదు. విశాఖ అనే బృందం, మరికొన్ని మహిళా సంఘాలు వేసిన కేసులో సుప్రీం కోర్టు 1997లో ఆ ఒప్పందాన్నే ఆధారంగా తీసుకుని మార్గదర్శకాలిచ్చింది. చట్టం రావడానికి 2013 దాకా పట్టింది. ఈ సంఘాలకు ఎవరూ ఏ హోదా ఇవ్వలేదు.

మూడో బెంచీ:
ఎదురుప్రశ్న గారికి నచ్చే ఉదాహరణ ఒకటుంది. స్లొవేనియాలో జైళ్ల తనిఖీ బాధ్యత అక్కడి అంబుడ్స్‌మన్‌ది, అంటే ప్రభుత్వ సంస్థల మీద ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారిది. 2008 నుంచి ఆ తనిఖీలకు బహిరంగ ప్రకటన ద్వారా ఎంచుకున్న సంఘాలను వెంట తీసుకెళ్తున్నారు. చట్టబద్ధ అధికారం అంబుడ్స్‌మన్‌ది, బయటి కన్ను సంఘాలది. కమిషనా సంఘమా అన్న ప్రశ్నే అక్కడ లేదు.

ఎదురుప్రశ్న:
ఇది నాకు బాగుంది. ఎంపికకు పద్ధతి ఉంది, బాధ్యత ఎవరిదో స్పష్టంగా ఉంది. కానీ అంబుడ్స్‌మన్‌తో కలిసి లోపలికి వెళ్లిన సంఘం, అక్కడ చూసింది మర్నాడు ప్రెస్‌మీట్ పెట్టి చెప్పగలదా? ఖైదీలు చెప్పిన మాటలు గోప్యంగా ఉంచాలి కదా. ఖర్చులిచ్చే అంబుడ్స్‌మన్ పనినే తర్వాత విమర్శించగలదా?

మూడో బెంచీ:
కష్టమే. అందుకే లోపలికి వెళ్లే సంఘాలూ, బయట ఉండి అంబుడ్స్‌మన్‌ని కూడా ప్రశ్నించే సంఘాలూ వేర్వేరుగా ఉండాలంటాను. ఒకే సంస్థ రెండూ చేయబోతే రెండూ చెడతాయి.

ఎదురుప్రశ్న:
బయట ఉండేవాళ్లకు జైలు గేటు ఎవరు తెరుస్తారు మరి?

మూడో బెంచీ:
ఎవరూ తెరవరు. విడుదలై వచ్చినవాళ్లతో, వాళ్ల లాయర్లతో, ములాఖత్‌కు వెళ్లే కుటుంబాలతో మాట్లాడి రాసుకోవాలి. కమిషన్ తన వార్షిక నివేదికలో రాసిందానికీ దీనికీ తేడా వస్తే, ఆ తేడా పట్టుకుని అడగాలి. ఆ పనికి మీరన్న హోదా అక్కర్లేదండీ. రాసినందుకు కేసు పెట్టకుండా ఉంటే చాలు.