అప్‌డేట్: పాప సాయంత్రం ఏడుపు

రెండు వారాల క్రితం అడిగాను కదా, ఐదు వారాల పాప రోజూ సాయంత్రం ఆరయ్యేసరికి మొదలుపెట్టి తొమ్మిదిన్నర దాకా గుక్కపట్టి ఏడుస్తోంది, మందుల్లేకుండా ఏం చేయొచ్చని. ముందు డాక్టరుకు చూపించాం. జ్వరం లేదు, బరువు పెరుగుతోంది, ఇది కోలిక్కే (ఆరోగ్యంగా ఉన్న పసిపిల్లలు కారణం తెలియకుండా గంటల తరబడి ఏడవడం) అన్నారు. ఆరో వారం దగ్గర బాగా ఎక్కువై, మూడు నాలుగు నెలలకు దానంతటదే తగ్గుతుందట.

మీరు చెప్పినవాటిలో బాగా పనిచేసింది ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకోవడం. మా ఆయన ఎడమ చేతి మీద పాప పొట్ట ఆనించి, తల మోచేతి దగ్గర పెట్టి, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి అటూ ఇటూ తిరుగుతారు. ఆ హోరుకు ఐదు నిమిషాల్లో బిగించిన పిడికిళ్లు వదిలేస్తుంది. నిద్రపోయాక మాత్రం వెల్లకిలానే పడుకోబెడుతున్నాం. పాలు మధ్యలో ఆపి తేన్పు తీయించడం కూడా కలిసొచ్చింది.

అత్తయ్య వాము నీళ్లు, వస పట్టిద్దామన్నారు. ఆరు నెలల దాకా పాలు తప్ప ఏమీ వద్దని డాక్టరు చెప్పారని ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

మొన్న నాకే ఏడుపు ఆగలేదు. పాపను తొట్లో పడుకోబెట్టి బాల్కనీలో ఐదు నిమిషాలు నిలబడ్డాను. నిన్న ఏడుపు గంటన్నరే.