సమస్య: కదలకున్న నీరు కదలుచుండె

నిర్వాహకుడు: ఈసారి సమస్యాపూరణకు ఆటవెలది పద్యం నాలుగో పాదం ఇస్తున్నాను, ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి. ఆధారం ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821లో ప్రదర్శించిన 'ది హే వెయిన్' అనే చిత్రం. ఇంగ్లండులోని స్టౌర్ నది మీద, ఆయన తండ్రి మిల్లు ఉన్న ఫ్లాట్‌ఫర్డ్ దగ్గరి దృశ్యం. ఎడమన విల్లీ లాట్ అనే రైతు ఇల్లు, నడుమ నీటిలో ఖాళీ గడ్డిబండి, కుడివైపు దూరాన పచ్చిక కోసేవాళ్లు. వర్ణన ఒక్కటే చాలదు, నీరు ఎలా కదిలిందో పద్యమే చెప్పాలి.

మొదటి పూరణ:
ఏటి నడుమ నాగె నెడ్లబండి యొకటి
గట్టుమీద కుక్క కాంచె దాని
చిత్రమందు నేమి చిత్రమో చూడగా
కదలకున్న నీరు కదలుచుండె

నిర్వాహకుడు: ధార హాయిగా ఉంది, మూడో పాదంలో 'చిత్రం' అనే మాట రెండు అర్థాల్లో వచ్చిన యమకం బాగా కుదిరింది. అయితే బండికి కట్టినవి ఎడ్లు కావు, గుర్రాలు. వాటి మెడపట్టాల ఎరుపు ఆ ఆకుపచ్చ మధ్య కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 'కుదురు నీటిలోన గుఱ్ఱబండి నిలువ' అంటే యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తు) చెడదు. అసలు లోటు వేరే ఉంది: ఆశ్చర్యపడి ఊరుకున్నారు, విరోధ పరిహారం, అంటే కదలని నీరు ఎలా కదిలిందన్న చిక్కు విప్పడం, జరగలేదు.

రెండో పూరణ:
తెలుపు చుక్కలుంచి తీర్చిదిద్దెను కుంచె
ఎండ తునక లాడె నీటిపైన
పుట్టినూరి తలపు పొంగెనో పటమందు
కదలకున్న నీరు కదలుచుండె

ఒక సభ్యురాలు: రెండో పాదంలో యతి తప్పింది. 'నీటి'లోని నకారం ఆ పదానిదే, సంధిలో వచ్చినది కాదు. 'లాడె నేటిపైన' అంటే ఆడెన్ + ఏటి, అచ్చుకు అచ్చు సరిపోతుంది.

నిర్వాహకుడు: సరైన సవరణ. ఈ పూరణ నాకు ఎంతో నచ్చింది. ఆయన తడి మెరుపు కోసం అద్దే ఆ తెల్లని చుక్కలను విమర్శకులు 'కాన్‌స్టబుల్ మంచు' అని ఎగతాళి చేశారు. నీటికి చలనం ఇచ్చింది ఆ చుక్కలే. మూడో పాదం ఇంకా లోతుకు వెళ్లింది: సుమారు 130 సెంటీమీటర్ల ఎత్తు, 185 వెడల్పు ఉన్న ఈ పటాన్ని ఆయన ఏటి ఒడ్డున కాదు, లండన్‌లో కూర్చుని, ఊళ్లో గీసుకున్న చిత్తుచిత్రాల నుంచి వేశారు.

లండన్‌లో తొలి ప్రదర్శనలో అమ్ముడుపోని ఈ చిత్రానికే 1824లో పారిస్ సెలూన్ అనే చిత్రకళా ప్రదర్శనలో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ స్వర్ణపతకం ఇచ్చాడు. 'పాలకుండు మెచ్చి పసిడి పతకమీయ' అని ఎత్తుకుని ఎవరైనా పూరిస్తారా?