అప్‌డేట్: పిల్లల మ్యాజిక్ షో అయిపోయింది

ఐదారేళ్ల పిల్లలకు మ్యాజిక్ షో చేయాలి, మధ్యలో లేచి టేబుల్ మీదికి వచ్చేస్తే ఎలా అని అడిగాను కదా. షో అయిపోయింది, బాగానే జరిగింది.

నేల మీద రంగు టేపు అంటించి దాని వెనక కూర్చోబెట్టమన్న సలహా పనిచేసింది. ఒకడు మాత్రం గీత దాటకుండా, టేపు చివరిదాకా పాక్కుంటూ వెళ్లి చుట్టూ తిరిగి వచ్చాడు! వాడినే అసిస్టెంట్‌గా పిలిచేశాను. మంత్రదండం వాడి చేతికివ్వగానే ముక్కలుముక్కలుగా వేలాడింది. నేను తీసుకుంటే మళ్లీ నిటారుగా. లోపలి దారం లాగితే బిగుసుకుంటుంది, వదిలితే జారిపోతుంది, అంతే కిటుకు. నవ్వులు మాత్రం ఆగలేదు.

పేకముక్కల ట్రిక్కులు తీసేశాను. ఆ వయసువాళ్లకు ఇస్పేటు, కళావరు ఏం తెలుస్తాయి?

రుమాలు లోపల దాచి మాయం చేసే బొటనవేలి తొడుగు (అచ్చం వేలిలాగే ఉండే బోలు తొడుగు) గురించే ఎక్కువ టెన్షన్ పడ్డాను. కింద కూర్చున్నవాళ్లకు చెయ్యి అడుగు నుంచి కనిపిస్తుంది. అందుకే వేలి కొన సూటిగా వాళ్ల వైపే ఉంచి, చెయ్యి ఆడిస్తూ ఉన్నాను. ఎవరూ పట్టుకోలేదు.

స్పాంజ్ బంతులు పిల్లల చేతికిస్తే మాత్రం లెక్కపెట్టి వెనక్కి తీసుకోండి. ఒక పాప నోట్లో పెట్టుకోబోయింది.